ఆ దేశంలో రేంజర్లు ఆదివాసులే!

 

"రేంజర్" అన్న మాట వినగానే మీకు ఏం గుర్తొస్తుంది? నాకైతే జీపు చప్పుడు గుర్తొస్తుంది. చిన్నప్పుడు మా ఊరి కింద మలుపు దగ్గర జీపు చప్పుడు వినబడితే చాలు, మా నానమ్మ గొడ్డలి తీసి చూరులో దాచేసేది. కట్టెలకు వెళ్లినవాళ్లు మోపు పొదల్లో పడేసి ఉత్త చేతులతో ఇంటికొచ్చేవారు. రేంజర్ అంటే ఖాకీ బట్టలు, బూట్లు వేసుకుని కింద నుంచి కొండ మీదికొచ్చే పెద్దాయన. ఆయన వస్తే మనం పక్కకి తప్పుకోవాలి. మా ఊళ్లో పిల్లలకి తెలిసింది అంతే.

కిందటి నెలలో సోషల్ మాస్టారు ఆస్ట్రేలియా పాఠం చెబుతూ ఒక మాట అన్నారు. ఆ దేశంలో చాలాచోట్ల అడవినీ, ఎడారినీ, సముద్రపు ఒడ్డునీ చూసుకునే రేంజర్లు అక్కడి ఆదివాసులేనట. వాళ్ల భూమిని వాళ్లు చూసుకుంటుంటే సర్కారు గ్రాంటు ఇస్తుందట. ఆ గ్రాంటులోంచి వాళ్లకి నెల జీతాలట. క్లాసంతా గొల్లుమన్నారు. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "మా ఇల్లు నేను ఊడిస్తే సర్కారు జీతమిస్తుందా సార్?" అని అడిగాడు. మాస్టారు నవ్వలేదు. "మంచి ప్రశ్న వేశావు. ఎవరైనా జవాబు వెతికి గోడ పత్రికకి రాయండి" అన్నారు. అందరూ నా వైపు చూశారు. లైబ్రరీలో దొరికినవి చదివి, మాస్టారిని అడిగి, నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను.

ముందు భూమి, తర్వాత గ్రాంటు

ఆస్ట్రేలియాలో ఆదివాసులు తక్కువలో తక్కువ 50 వేల ఏళ్లుగా ఉంటున్నారు. వాళ్లంతా ఒకే జాతి కాదు. తెల్లవాళ్లు వచ్చేనాటికి ఆ దేశంలో 250కి పైగా భాషలు ఉండేవి. మన హాస్టల్లోనే ఇన్ని భాషలు వినబడుతుంటే, అంత పెద్ద దేశంలో ఉండటం వింత కాదు.

1788లో ఇంగ్లీషువాళ్లు ఓడల మీద వచ్చి ఇప్పటి సిడ్నీ దగ్గర దిగారు. ఈ నేల ఎవరిదీ కాదన్నట్టు ఆక్రమించుకున్నారు. వీళ్లు కంచె కట్టలేదు, నాగలి పట్టలేదు కాబట్టి వీళ్లకి భూమి మీద హక్కు లేదన్నారు. ఆ మాటే సుమారు 200 ఏళ్లు చెల్లుబాటు అయింది. చాలామంది చంపబడ్డారు, ఎంతోమంది రోగాలతో పోయారు. మిగిలినవాళ్లని మిషన్ల దగ్గరికి, పశువుల పెంపకం ఎస్టేట్లకు చేర్చారు.

దీని మీద ఆదివాసులు ఊరుకోలేదు. 1966లో వేవ్ హిల్ అనే పశువుల ఎస్టేటులో పనిచేసే గురింజి తెగవాళ్లు విన్సెంట్ లింగియారి నాయకత్వంలో పని మానేసి బయటికి వచ్చేశారు. మొదట అది కూలి కోసం సమ్మె అనుకున్నారు. వాళ్లు మా భూమి మాకివ్వండి అన్నారు. తొమ్మిదేళ్లు పట్టుబట్టి కూర్చున్నారు. 1975 ఆగస్టు 16న ప్రధానమంత్రి గఫ్ విట్లమ్ స్వయంగా అక్కడికొచ్చి, దోసెడు మట్టి తీసి లింగియారి చేతిలో పోశాడు. ఆ ఫోటో మాస్టారి దగ్గర ఉన్న పుస్తకంలో ఉంది, అడిగితే చూపిస్తారు.

తర్వాత 1976లో ఉత్తర ప్రాంతానికి ఆదివాసుల భూమి హక్కుల చట్టం వచ్చింది. 1992 జూన్ 3న అక్కడి హైకోర్టు మాబో కేసులో తీర్పు చెప్పింది. (వాళ్ల హైకోర్టు అంటే మన సుప్రీంకోర్టులాంటిది.) ఆ భూమి ఎవరిదీ కాదన్నది అబద్ధమనీ, తెల్లవాళ్లు రాకముందు నుంచే అక్కడి జనానికి దాని మీద హక్కు ఉందనీ ఒప్పుకుంది. 1993లో దాని ప్రకారం చట్టం చేశారు.

ఇదంతా ఎందుకు రాశానంటే, గ్రాంటు కథ ఇక్కడి నుంచే మొదలౌతుంది. భూమి చేతికొచ్చాక అసలు సమస్య బయటపడింది. భూమి మనదని కాగితం వచ్చింది, కానీ దాన్ని చూసుకునేవాళ్లు పట్నాల్లో ఉన్నారు. ఆ భూమిలో కలుపు, అడవి పందులు, కార్చిచ్చులు ఉన్నాయి. జీపు లేదు, డీజిల్ లేదు, జీతం లేదు. ఏం చెయ్యాలి?

ఒక మాట చెప్పాలి. వాళ్లు మాట్లాడే ఇంగ్లీషులో "కంట్రీ" అంటే దేశం కాదు. తమ తాతముత్తాతల నేల, దాని మీది నీళ్లు, చెట్లు, జంతువులు, అక్కడి కథలు, పాటలు అన్నీ కలిపి "కంట్రీ". "కంట్రీని చూసుకోవడం" అంటే ముసలి తల్లిని చూసుకున్నట్టు చూసుకోవడం. మనిషి వెళ్లి పలకరించకపోతే నేలకి జబ్బు చేస్తుందని వాళ్ల పెద్దలు చెబుతారు.

గ్రాంటు ఎట్లా వస్తుంది?

మొదట్లో రేంజర్లకి సరైన జీతం లేదు. 1977లో ఒక పథకం మొదలైంది. పని లేనివాళ్లకి విడివిడిగా ఇచ్చే నిరుద్యోగ భత్యాన్ని కలిపి ఊరి సంఘానికి ఇచ్చేవారు. దానికి బదులుగా వాళ్లు వారంలో కొంతసేపు ఊరి పని చేసేవారు. 1990ల మొదట్లో మానింగ్రిడా ఊళ్లో జెల్క్ రేంజర్లు, ఆర్నెమ్ ల్యాండ్ ఈశాన్యం మూలన 1992లో యోల్ంగు తెగ పెద్దలు పెట్టుకున్న ధిముర్రు సంస్థ ఇట్లాంటి చిన్న చిన్న డబ్బులతోనే మొదలయ్యాయి. ధిముర్రు అంటే వాన తెచ్చే తూర్పు గాలి పేరు.

ఆ తర్వాత రెండు పెద్ద పథకాలు వచ్చాయి.

మొదటిది: ఆదివాసీ రక్షిత ప్రాంతాలు. ఇందులో సర్కారు భూమిని తీసుకోదు. ఆ తెగవాళ్లే కూర్చుని, పెద్దల సలహాతో, మా నేలలో ఏమేమి ఉన్నాయి, ఏది పాడవుతోంది, ఏది ముందు బాగుచెయ్యాలి అని ఒక ప్రణాళిక రాసుకుంటారు. ఆ ప్రణాళిక రాసుకోవడానికి కూడా గ్రాంటు ఉంది. తర్వాత తమ ఇష్టంతో "ఈ నేలని మేం కాపాడుతాం" అని ప్రకటిస్తారు. ఇట్లా ప్రకటించిన మొట్టమొదటి చోటు దక్షిణ ఆస్ట్రేలియాలోని నాంటవరీనా. 1998లో అడ్న్యమతన్హ తెగవాళ్లు ప్రకటించారు. ఒకప్పుడు గొర్రెలు, మేకలు మేసి పాడైపోయిన కొండ ప్రాంతం అది. ఇప్పుడు ఆస్ట్రేలియాలోని రక్షిత భూములన్నీ కలిపి లెక్కేస్తే అందులో దాదాపు సగం ఇట్లాంటి ఆదివాసీ రక్షిత ప్రాంతాలే.

రెండోది: 2007లో మొదలైన రేంజర్ల జీతాల పథకం. దీనితో రేంజర్ పని భత్యం పని కాకుండా ఉద్యోగం అయింది. యూనిఫారం, సెలవులు, శిక్షణ, సర్టిఫికెట్ కోర్సు అన్నీ కలవు.

ముఖ్యంగా గమనించవలసినది ఏమంటే, గ్రాంటు ఒక్కొక్క మనిషికీ ఇవ్వరు. ఆ తెగ వాళ్ల సొంత సంస్థకు ఇస్తారు. సంస్థకు ఆదివాసులతో కూడిన కమిటీ ఉంటుంది. ఎవరిని పనిలో పెట్టుకోవాలి, ఈ ఏడు ఏ వాగు వైపు వెళ్లాలి అన్నది వాళ్లు చూసుకుంటారు. సంస్థ సర్కారుతో ఒప్పందం రాసుకుంటుంది. డబ్బు జీతాలకు, బండ్లకు, డీజిల్‌కు, పడవలకు, శిక్షణకు ఖర్చుపెట్టి లెక్క చూపించాలి. ఎంత కలుపు తీశారు, ఎంత మేర తిరిగారు, ఏ జంతువులు చూశారు అని రిపోర్టు పంపాలి.

ఎంత డబ్బు? 2020లో అప్పటి సర్కారు, 2021 నుంచి 2028 దాకా ఏడాదికి 10 కోట్ల 20 లక్షల డాలర్లు ఇస్తామని ప్రకటించింది. మన లెక్కలో సుమారు ఐదు వందల కోట్ల రూపాయలు. 2022లో ఎన్నికలు గెలిచిన లేబర్ పార్టీ, ఈ దశాబ్దం ముగిసేలోగా రేంజర్ల సంఖ్య రెట్టింపు చేసి సుమారు 3,800కి తెస్తామంది. 2024లో వెయ్యికి పైగా కొత్త ఉద్యోగాలకు గ్రాంటు మంజూరు చేశారు. అందులో ఎక్కువ భాగం ఆడవాళ్లకి. ఎందుకంటే మొదట్లో రేంజర్లు అంటే ఎక్కువగా మగవాళ్లే ఉండేవారు. కొన్ని చోట్లకి ఆడవాళ్లే వెళ్లాలి, మగవాళ్లు పోకూడదు అనే కట్టుబాటు వాళ్లలో ఉంది. ఆడ రేంజర్లు లేకపోతే ఆ చోట్లు చూసేవాళ్లే ఉండరు.

నిప్పు పెట్టి అడవిని కాపాడతారా?

ఇది చదివినప్పుడు నేను కూడా నమ్మలేదు. ఓపిగ్గా చదవండి.

ఆర్నెమ్ ల్యాండ్ ఆస్ట్రేలియా ఉత్తరం అంచున ఉంది. అక్కడ డిసెంబరు నుంచి మార్చి దాకా కుండపోత వానలు. గడ్డి మనిషి ఎత్తు పెరుగుతుంది. ఆ తర్వాత నెలల తరబడి చినుకుండదు. ఆ ప్రాంతపు ఆదివాసులు ఏడాదిని ఆరు కాలాలుగా లెక్కపెడతారు. మన ఋతువులూ ఆరే కదా! వానలు వెనకబడ్డాక మే, జూన్ నెలల్లో వచ్చే చల్లని కాలాన్ని "యెగ్గె" అంటారు. పొద్దున్నే మంచు కురుస్తుంది. గడ్డి సగం పచ్చిగా, సగం ఎండి ఉంటుంది.

నిప్పు పెట్టవలసింది అప్పుడే. నడుచుకుంటూ అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క కాలుస్తారు. మంట మోకాలెత్తు దాటదు. పాకుతూ పోయి రాత్రి మంచుకి దానంతటదే ఆరిపోతుంది. పురుగు, పక్షి, తొండ పక్కకి పారిపోవడానికి సందు ఉంటుంది. చెట్టు కొమ్మలకి సెగ తగలదు. ఇట్లా చేస్తే నేల మొత్తం కాలిన ముక్కలు, కాలని ముక్కలతో బొంత కుట్టినట్టు అవుతుంది.

ఆ పని చెయ్యకపోతే? ఆగస్టు దాటాక గడ్డంతా ఎండి పిడుగు పడినా, ఎవరో అగ్గిపుల్ల పడేసినా అంటుకుంటుంది. అప్పుడు దానికి ఆపు ఉండదు. రోజుల తరబడి కొండలు దాటిపోతుంది. చెట్ల తలలు కాలతాయి. బొంత కుట్టిన నేలలో అయితే ఆ మంట ముందే కాలిన ముక్క దగ్గరికి వచ్చి ఆగిపోతుంది.

పోయిన శతాబ్దంలో ఆర్నెమ్ ల్యాండ్ రాతి కొండల మీది జనం ఒక్కొక్కరే కిందికి దిగిపోయారు. కొందరు గనుల్లో పనికి, కొందరు గేదెల వేటగాళ్ల దగ్గర కూలికి, కొందరు మిషన్ల దగ్గరికి. కొండ ఖాళీ అయింది. చిన్న మంటలు పెట్టేవాళ్లు లేక పెద్ద మంటలు మొదలయ్యాయి. అక్కడి సైప్రస్ పైన్ చెట్లు చాలా చచ్చిపోయాయి. మనుషులు లేకపోతే అడవి బాగుంటుందని మనం పుస్తకాల్లో చదువుతాం. ఆ కొండ మీద అట్లా జరగలేదు.

అప్పుడు బర్దయల్ నజమెరెక్ అనే పెద్దాయన ముందుకొచ్చారు. ఆయన రాతి మీద బొమ్మలు వెయ్యడంలో పేరున్న చిత్రకారుడు. తన వాళ్లని వెంటబెట్టుకుని కొండెక్కి కబుల్వర్నమ్యో అనే చోట మళ్లీ ఊరు కట్టారు. శాస్త్రవేత్తలని పిలిచి కూర్చోబెట్టి, ఏ గాలికి, ఏ నెలలో, ఏ గడ్డికి నిప్పు పెట్టాలో చెప్పారు. శాస్త్రవేత్తలు ఉపగ్రహం ఫోటోలు తెచ్చి ఆయనకి చూపించారు. 2007లో వాళ్లు పెట్టుకున్న సంస్థ పేరు వార్డెకెన్. (పేరు చూసి మన వార్డెన్ గారి ఆఫీసు అనుకోకండి! వార్డెకెన్ అంటే ఆ రాతి కొండ ప్రాంతానికి సంబంధించిన మాట.) 2009లో ఆ నేలను రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. సుమారు 14 వేల చదరపు కిలోమీటర్లు. మన పాత విశాఖపట్నం జిల్లా కన్నా పెద్దది. ఆ ఏడాదే పెద్దాయన కన్నుమూశారు. చనిపోయినవాళ్ల పేరు కొంతకాలం పలకకూడదని అక్కడి ఆచారం. అందుకని బంధువులు చాలాకాలం ఆయన్ని వేరే పేరుతో చెప్పుకున్నారు.

ఇప్పుడు వాళ్ల రేంజర్లు కాలినడకనా పోతారు, అందని చోట హెలికాప్టర్ నుంచి చిన్న నిప్పు గుళికలు వదులుతారు. ఈ పనికి ఇంకొక లాభం కూడా కలదు. పెద్ద మంట కన్నా చిన్న మంటలో భూమిని వేడెక్కించే మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ వాయువులు తక్కువ వస్తాయి. 2006లో డార్విన్ పట్నం దగ్గరున్న గ్యాస్ కంపెనీ ఒకటి ఒప్పందం చేసుకుంది. పశ్చిమ ఆర్నెమ్ ల్యాండ్‌లో 28 వేల చదరపు కిలోమీటర్లలో రేంజర్లు మంటలు అదుపు చేసి, ఏటా కార్బన్ డయాక్సైడ్ లెక్కలో లక్ష టన్నుల మేర ఆ వాయువులు తగ్గించాలి. దానికి కంపెనీ 17 ఏళ్లపాటు ఏటా సుమారు 10 లక్షల డాలర్లు ఇవ్వాలి. అంటే వాళ్లకి సర్కారు గ్రాంటు ఒక్కటే ఆధారం కాదు. వాళ్ల పనికి బజారులో కూడా ధర పలికింది.

ఒక హెచ్చరిక. ఇది చదివి సెలవుల్లో ఎవరూ అగ్గిపెట్టె పట్టుకుని కొండెక్కకండి! మన పోడు వేరు, వాళ్ల పద్ధతి వేరు. మనం పంట వెయ్యడానికి కొట్టి కాలుస్తాం. వాళ్లు పంట వెయ్యరు. మన అడవి వేరు, మన గడ్డి వేరు, మన వానకాలం వేరు. వాళ్ల నేల మీద వాళ్ల తాతలు నేర్చినది అక్కడికే పనికొస్తుంది.

ఇంకా ఏమేం చేస్తారు?

సముద్రం ఒడ్డున ధిముర్రు రేంజర్లు తెగిపోయిన చేపల వలలు ఏరుతారు. ఎక్కడెక్కడి పడవలవో తెగిన నైలాన్ వలలు కొట్టుకొస్తాయి. వాటిని దయ్యపు వలలు అంటారు. ఎందుకంటే, పట్టేవాడు లేకపోయినా అవి పడుతూనే ఉంటాయి. సముద్రపు తాబేళ్లు అందులో చిక్కుకుని చస్తాయి. రేంజర్లు బతికున్నవాటిని కోసి విడిపించి నీళ్లలో వదులుతారు.

ఎడారిలో కివిర్కుర్రా అనే ఊరుంది. అక్కడి పింటుపి ఆడవాళ్లు ఇసుకలో అడుగుజాడలు చూసి అడవిపిల్లుల్ని వేటాడతారు. ఈ పిల్లులు తెల్లవాళ్లతో వచ్చినవి. అవి అడవిలో పెరిగి చిన్న జంతువుల్ని ఎన్నింటినో తినేశాయి. కొన్ని జాతులు పూర్తిగా అంతరించాయి. ఆ ఆడవాళ్లు జాడ చూసి ఇది ఏ జంతువు, ఎప్పుడు పోయింది, ఎటు పోయింది చెప్పగలరు. బిల్బీ అని కుందేలు చెవుల్లాంటి చెవులున్న చిన్న జంతువు అక్కడ ఇంకా బతికి ఉంది.

ఇంకొకటి వినండి. రాత్రి చిలక అని ఒక పక్షి. పగలు ముళ్ల గడ్డి దుబ్బుల్లో దాక్కుని రాత్రి తిరుగుతుంది. అంతరించిపోయిందేమో అనుకున్నారు. 2013లో ఒకాయన దాన్ని ఫోటో తీశారు. తర్వాత గ్రేట్ శాండీ ఎడారిలో ఙురుర్పా తెగ రేంజర్లు, శాస్త్రవేత్తలు కలిసి రాత్రిళ్లు శబ్దం పట్టే యంత్రాలు పెట్టి వెతికారు. ఎక్కడ పెట్టాలో చెప్పింది రేంజర్లే. అక్కడ 50 దాకా ఉండొచ్చని 2024లో అచ్చు వేశారు. ఇప్పటిదాకా తెలిసినవాటిలో అదే పెద్ద గుంపు. (ఙ అనే అక్షరం మనం ఒకటో తరగతిలో దిద్ది వదిలేశాం. వాళ్ల మాటలు ఎన్నో దానితోనే మొదలౌతాయట! అక్షరం ఊరికే పోలేదు.)

మరి సర్కారుకి ఏం లాభం?

మన వెనక బెంచీ మిత్రుడి ప్రశ్నకి ఇక్కడ జవాబు వస్తుంది. మన ఇల్లు మనం ఊడిస్తే మనకే మంచిది. కానీ కొండ కాలితే పొగ అందరికీ. కలుపు పెరిగితే వాగు వెంట కిందనున్న ఊళ్లకీ పాకుతుంది. తాబేలు చస్తే సముద్రం మొత్తానికి నష్టం. అంత దూరాన, దారి లేని చోట్లకి పట్నం నుంచి మనిషిని పంపాలంటే ఖర్చు ఎంత? పంపినా అతనికి నీటిగుంట ఎక్కడుందో తెలియదు.

2016లో సర్కారు కొన్ని రక్షిత ప్రాంతాల లెక్క తీయించింది. 2009 నుంచి 2015 దాకా అక్కడ పెట్టింది సుమారు 3 కోట్ల 52 లక్షల డాలర్లు. దానివల్ల వచ్చిన మేలు విలువ కడితే సుమారు 9 కోట్ల 65 లక్షల డాలర్లు అయింది. మేలు అంటే అడవి ఒక్కటే కాదు. పని దొరికి తాగుడు తగ్గడం, జైలుకి పోయేవాళ్లు తగ్గడం, పిల్లలు పెద్దల దగ్గర భాష నేర్చుకోవడం, ఇవన్నీ లెక్కలో ఉన్నాయి.

అంతా బాగానే ఉందా?

లేదు. ఒక వైపే రాస్తే వ్యాసం కాదని మాస్టారు అన్నారు. కావున లోపాలు కూడా రాస్తున్నాను.

ఒకటి, గ్రాంటు అనేది ఇచ్చేవాడి చేతిలో ఉంటుంది. చాలాకాలం ఒప్పందాలు రెండేళ్లకి, మూడేళ్లకి రాసేవారు. గడువు దగ్గర పడితే, వచ్చే ఏడు జీతం ఉంటుందో లేదో తెలియక రేంజర్లు వేరే పని వెతుక్కునేవారు. ఎన్నో ఏళ్లు అడిగాక 2028 దాకా మాట ఇచ్చారు. చెట్టు పెరగడానికి పట్టే కాలం ముందు అది కూడా చిన్న గడువే.

రెండు, రిపోర్టులో కలుపు ఎంత తీశారన్నది రాయడానికి గడి ఉంటుంది. ముసలాయన్ని తీసుకెళ్లి ఆయన పుట్టిన చోటు చూపించి పాట పాడించుకుని వచ్చారనుకోండి, దాన్ని కొలవడం కష్టం. వాళ్లకి అది కూడా పనే.

మూడు, రక్షిత ప్రాంతమని ప్రకటించినంత మాత్రాన గనులు ఆగవు. 1976 చట్టం కింద వచ్చిన భూమిలో గనులు వద్దనే హక్కు కొంత ఉంది. మాబో తీర్పు తర్వాతి చట్టం కింద వచ్చిన భూమిలో మాట్లాడుకునే హక్కే తప్ప ఆపే హక్కు లేదు.

నాలుగు, భూమి తిరిగి రానివాళ్ల సంగతి. దక్షిణాన పట్నాలు, పొలాలు ఉన్న చోట చాలా తెగలకి చారెడు నేల కూడా మిగల్లేదు. చూసుకోవడానికి నేల లేనివాళ్లకి రేంజర్ గ్రాంటు ఏం చేస్తుంది?

2023 అక్టోబరు 14న ఆదివాసుల మాట పార్లమెంటుకు చేరేలా ఒక సంఘం పెట్టాలా వద్దా అని ఆ దేశంలో ఓట్లు పెట్టారు. నూటికి అరవై మంది వద్దన్నారు. రేంజర్లకి గ్రాంటు ఇవ్వడం మాత్రం రెండు పెద్ద పార్టీలూ కొనసాగించాయి. వాళ్ల పని కావాలి గానీ వాళ్ల మాట వద్దా అని నాకు అనిపించింది. మీరు కూడా ఆలోచించండి.

బడి సంగతి

ఇది మన హాస్టల్ పిల్లలకి ముఖ్యం. కబుల్వర్నమ్యోలో రేంజర్లకి జీతాలు వచ్చాయి, ఇళ్లు వచ్చాయి, బడి రాలేదు. పిల్లల్ని చదివించాలంటే కొండ దిగి దూరాన ఉన్న ఊరికి పోవాలి. పిల్లలతో పోతే కొండ పని ఆగిపోతుంది. కొండ మీద ఉంటే పిల్లల చదువు పోతుంది. చివరికి వాళ్లే 2015లో కొండ మీద బడి పెట్టించుకున్నారు. పేరు నవార్డెకెన్ అకాడమీ. అక్కడ లెక్కలు, ఇంగ్లీషు చెబుతారు, వాళ్ల భాష చెబుతారు. రేంజర్లతో, పెద్దలతో కలిసి అడవిలోకి పోవడం కూడా పాఠమే.

ఒకప్పుడు ఆ దేశంలో సర్కారే ఆదివాసీ పిల్లల్ని తల్లుల దగ్గరనుంచి బలవంతంగా తీసుకుపోయేది. సుమారు 1970 దాకా జరిగింది. 2008 ఫిబ్రవరి 13న ప్రధానమంత్రి కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. మన హాస్టల్ అట్లాంటిది కాదు. మనల్ని మన అమ్మానాన్నలే చేర్చారు, బాగా చదువుకోమని. అయినా ఒక సంగతి రాయకుండా ఉండలేను.

నేను ఆరో తరగతి నుంచి ఇక్కడే ఉన్నాను. కిందటి ఎండాకాలం సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు మా తాత అడవి దుంప ఒకటి తవ్వి తెచ్చి, "ఇదేమిటి?" అని అడిగాడు. నాకు రాలేదు. మా చెల్లి ఇంకా ఊరి బడిలోనే ఉంది. అది టక్కున పేరు చెప్పి, రాత్రంతా వాగు నీళ్లలో ఉంచితే గాని తినకూడదని కూడా చెప్పింది. తాత నన్నేమీ అనలేదు. ఆ దుంప మాత్రం చెల్లి చేతికే ఇచ్చాడు. నాకు ఆస్ట్రేలియా రాజధాని తెలుసు. మా వాగు ఒడ్డు దుంప తెలియదు.

మన దగ్గర ఎట్లా ఉంది?

మన దేశంలో 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. దాని ప్రకారం ఊరి ఉమ్మడి అడవిని కాపాడుకునే హక్కు, అధికారం గ్రామసభకి కలవు. కానీ కాపాడినందుకు నెల జీతం అని ఆ చట్టంలో లేదు. నల్లమలలో చెంచులు పులుల అడవిలో వాచర్లుగా పనిచేస్తున్నారు. పులి జాడ చూడటంలో వాళ్లకి సాటి లేదంటారు. అయితే వాళ్లు పనిచేసేది సర్కారు శాఖ కింద. సొంత సంస్థ పెట్టుకుని, సొంత ప్రణాళిక రాసుకుని, దానికి గ్రాంటు తెచ్చుకోవడం వేరు.

ఈ వ్యాసం చిత్తుప్రతి వెనక బెంచీ మిత్రుడికి చదివి వినిపించాను. వాడు ఈసారి నవ్వలేదు. చాలాసేపు ఊరుకుని, "అయితే మా తాతకి ఎన్నేళ్ల జీతం బాకీ ఉన్నట్టురా?" అన్నాడు. ఈ ప్రశ్నకి జవాబు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

అందుచేత ఒక మనవి. దసరా సెలవులకి ఇంటికి వెళ్లేవాళ్లు ప్రతి ఒక్కరూ మీ ఊరి పెద్దవాళ్లని మూడు సంగతులు అడగండి. మీ కొండ మీద ఒకప్పుడు ఉండి ఇప్పుడు కనబడని చెట్టు గాని జంతువు గాని ఏది? ఎండాకాలంలో కూడా ఎండని ఊట ఎక్కడుంది? కొండకి నిప్పు అంటుకుంటే వెనకటి రోజుల్లో ఎట్లా ఆపేవారు? వాళ్లు చెప్పింది చెప్పినట్టు, మీ భాషలో ఉన్న పేర్లతో సహా, తెలుగు లిపిలో రాసి తీసుకురండి. ఆకు దొరికితే నోటుపుస్తకంలో పెట్టి ఆరబెట్టి తెండి. వచ్చే సంచికలో ఈ గోడ మీదే అంటిద్దాం. జిగురు, చార్టు కాగితాలు ఇప్పిస్తామని వార్డెన్ గారు ఒప్పుకున్నారు.

నేను మాత్రం మొదట ఆ దుంప పేరు నేర్చుకుని వస్తాను.

— పదో తరగతి విద్యార్థి